మేమే వద్దనుకున్నాం

కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఎవరు పిలిచినా అతని మందు ఒక్కటే, మోటరు. మేడ మీది స్నానాల గదికైనా, హోటలు వంటగదికైనా వెళ్ళి, పైపు మీద చెయ్యి వేసి, చెవి ఆనించి, తల పంకించి, "ప్రెషర్ లేదండీ. చిన్న మోటరు పెడితే పరిగెత్తుకుంటూ వస్తాయి" అంటాడు. చాలాచోట్ల ఆ మాటే నిజమయ్యేది. అందుకని తోటి పనివాళ్ళు అతనికి మోటరన్న అని పేరు పెట్టేశారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించడం మానేసి చాలా కాలమైంది.

అటువంటి మోటరన్న ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు ఎదురుగా కూర్చుని, ఆయన కాగితం మీద గీసిన బొమ్మ పైపులైనో వంకాయో తేల్చుకోలేక అవస్థ పడుతున్నాడు. కత్తి పట్టడంలో ఆ డాక్టరు ఎంత మొనగాడో తెలియదు గానీ, పెన్సిలు పట్టడంలో మాత్రం మూడో తరగతి దాటలేదు. పక్కన కూర్చున్న భార్య బొమ్మ వంక చూడనేలేదు. డాక్టరు నోటి వంకే చూస్తోంది. ఆమె బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద షాపులో చిరుగులు కుట్టే పని చేస్తుంది. కనిపించని కుట్టు వెయ్యాలంటే ముందు చిరుగు ఎక్కడిదాకా పాకిందో చూడాలని ఆమె లెక్క.

విషయం ఇదీ. మోటరన్న వీర్యంలో కణాలు లేవని కాదు, ఉన్నాయి. కాకపోతే చుక్కంతా గాలిస్తే అక్కడొకటి, ఇక్కడొకటి. డాక్టరు ఓపిగ్గానే చెప్పుకొచ్చారు. కణాలు తయారయ్యేది వృషణాల్లో. అక్కడినుంచి పక్కనే చుట్టలు చుట్టుకున్న సన్నటి గొట్టంలోకి చేరి, కొన్నాళ్ళు నిలవుండి, తర్వాత బయటికొస్తాయి. దారిలో ఎక్కడో అడ్డం పడితే ఆ గొట్టంలోకి సూది గుచ్చి లాగొచ్చు. అడ్డం లేకుండా తయారీయే తక్కువైతే ఆ గొట్టాన్ని గుచ్చి లాభం లేదు. వృషణంలోకే సూది పంపాలి, లేదా కొంచెం కోసి చిన్న ముక్క తీసి చూడాలి. ఇంకా గట్టి పద్ధతి ఏమిటంటే, మత్తు ఇచ్చి, తెరిచి, మైక్రోస్కోప్ కింద లోపలి దారాల్లాంటి గొట్టాల్లో ఏది లావుగా, తెల్లగా ఉందో వెతికి అక్కడినుంచే తియ్యడం. వీటన్నిటికీ ముందు, మామూలుగా వచ్చేదాంట్లోనే నాలుగు బతికున్నవి దొరికితే అసలు కోతే అక్కర్లేదు. అండాన్ని బయటికి తీసి కలిపేటప్పుడు ఒక అండానికి ఒక కణం చాలు.

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే చెప్పారు. తినడమే మోటరన్నకి చేతకాలేదు.

"మరి నాకు అడ్డం ఎక్కడుందండీ?" అని అడిగాడు.

అడ్డం లేదని డాక్టరు చెప్పారు. లైను శుభ్రంగా ఉందని స్కానులో తెలుస్తోందట. లైను శుభ్రంగా ఉండి, లీకు లేకుండా ఉండి, నీళ్ళెందుకు రావో మోటరన్న బుర్రకి ఎక్కలేదు. కాసేపు తల గోక్కుని, తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు, "అంటే ప్రెషర్ తక్కువన్నమాట" అన్నాడు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. డాక్టరు అలసటగా తల ఊపారు. ఆ తలూపడమే కొంప ముంచింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వాళ్ళకి పెళ్ళై తొమ్మిదేళ్ళు. పెళ్ళైన కొత్తల్లోనే, భార్య పుట్టింట్లో అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు, వరసకి పెద్దమ్మ అయ్యే ఒకావిడ, లోపం ఎవరిలో అని నలుగురిలో అడిగేసింది. మోటరన్న ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. అప్పటికి ఏ పరీక్షా చేయించుకోలేదు గానీ, ఎందుకో తనలోనే అని అతనికి అనిపించింది. ఆ అనిపించడం ముఖంలో కనిపించింది కాబోలు, భార్య చప్పున అందుకుంది. ఎవరిలో లోపమూ లేదు పెద్దమ్మా, మేమే వద్దనుకున్నాం అంది.

ఆ మాట భలేగా అతికింది. కొందరు ముక్కున వేలేసుకున్నారు, కొందరు ఈ కాలం పిల్లలింతే అన్నారు, ఎవరూ మళ్ళీ అడగలేదు. భార్య తమ్ముడైతే అందరితో అక్కా బావల తరఫున వాదించేవాడు. వాళ్ళిష్టం వాళ్ళది, హాయిగా ఉన్నారు, మధ్యలో మీకేంటి నొప్పి అనేవాడు. ఆ రోజు భోజనాల దగ్గర ఆమె తన పరువు నిలబెట్టినందుకు మోటరన్న మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. కాలం గడిచేకొద్దీ ఆమె అన్నది అబద్ధమో నిజమో అతనికే సరిగ్గా తెలియకుండా పోయింది. అడుగుదామంటే భయం. పరీక్షలకి వెళ్దామని ఈ ఏడు ఆమే అంది గానీ, అప్పుడు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిది కదా అన్నట్టే అంది. ఎవరో బంధువు షష్టిపూర్తికి వెళ్ళొద్దామా అన్నంత మామూలుగా అంది.

డాక్టరు తల ఊపిన మర్నాడే మోటరన్న తన బావమరిది నడిపే జిమ్‌కి వెళ్ళాడు. బావమరిదికి ఒళ్ళంతా కండలు, మనసు మాత్రం వెన్న. బావంటే ప్రాణం. ఈ మధ్య నీరసంగా ఉంటోందిరా, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది అని మొదలుపెట్టి, మగవాళ్ళ హార్మోనని ఏదో ఇంజెక్షన్ ఉంటుందటగా అని అటూ ఇటూ చూస్తూ అడిగాడు మోటరన్న. ప్రెషర్ పెంచే మోటరు అదేనని అతని లెక్క. వీర్యకణాల మాట ఎత్తలేదు. ఎత్తితే తొమ్మిదేళ్ళుగా నిలబడ్డ మాట కూలిపోతుంది. పైగా బావమరిది ముందు ఏ బావకి నోరొస్తుంది?

ముందే అడగాల్సింది బావా అని బావమరిది సంబరపడిపోయాడు. వారానికొకసారి, బట్టలు మార్చుకునే గది వెనకాల, పిరుదుకి సూది. అక్కకి చెప్పకు, ఇద్దర్నీ కలిపి వాయిస్తుంది అని ముందే ఒట్టు వేయించుకున్నాడు. మోటరన్నకి కావలసిందీ అదే.

నెల తిరిగేసరికి మోటరన్న రెండేసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. భుజాలు విచ్చుకున్నాయి. పైపు బిగిస్తూ ఈల వేస్తున్నాడు. భార్య గమనించి, ఏంటి ఇవాళ పెళ్ళికొడుకు కళ వచ్చింది అని ఆటపట్టించింది. ప్రెషర్ పెరుగుతోందని అతను లోలోపల మురిసిపోయాడు.

మూడు నెలలకి రెండోసారి పరీక్ష చేస్తే సున్నా వచ్చింది.

మళ్ళీ చేయించారు. మళ్ళీ సున్నా. ఇంత తక్కువ ఉన్నవాళ్ళకి ఒక్కోసారి ఒక్కటీ కనబడకపోవడం ఉంటుందని డాక్టరు సర్దిచెప్పారు. మోటరన్నకి మాత్రం బుర్ర గిర్రున తిరిగింది. మోటరు పెట్టాక సన్నధార కూడా ఆగిపోవడం అతని సర్వీసులో ఎక్కడా లేదు. ఇంకోపక్క భార్యని చూసే డాక్టరమ్మ, అండాలు తగ్గిపోతున్నాయి, ఇంక ఆలస్యం చెయ్యొద్దని తేల్చేసింది. భార్యకి రోజూ సాయంత్రం పొట్ట మీద ఇంజెక్షన్లు మొదలయ్యాయి. అండాలు తీసే రోజు పొద్దున్న మోటరన్న శాంపిల్ ఇవ్వాలి. అందులో ఏమైనా దొరికితే సరే, దొరక్కపోతే అదే రోజు అతన్ని బల్ల మీద పడుకోబెట్టి, తెరిచి, మైక్రోస్కోప్‌తో వెతుకుతారు. సూదితో సరిపెట్టకూడదా అని అతను అడిగాడు. సూదంటే చీకట్లో చెయ్యి పెట్టి వెతకడం, తెరిస్తే దీపం పట్టుకుని వెతకడం అని డాక్టరు చెప్పారు. అది మాత్రం బాగా అర్థమైంది. అర్థమయ్యాక భయం ఇంకా పెరిగింది.

ఆ రోజుల్లో అతని పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా ఉండేది. ఇంట్లో భార్యకి తను సూది గుచ్చుతాడు, జిమ్‌లో తనకి బావమరిది గుచ్చుతాడు. రాత్రి పక్కమీద సూదా, ముక్కా, మైక్రోస్కోపా అని గొణుక్కుంటూ దొర్లుతాడు. ఒక క్షౌరశాలలో వేడినీళ్ళ పైపు తీసుకెళ్ళి చన్నీళ్ళ కుళాయికి బిగించి వచ్చాడు. తల కడిగించుకుంటున్న పెద్దమనిషి కుర్చీలోంచి ఎగిరి పడ్డాడట. ఇన్నేళ్ళలో అలాంటి పొరపాటు అతని చేతిమీద జరగలేదు.

ఆపరేషనుకి ముందు మామూలుగా చేసే రక్తపరీక్షలు చేశారు. ఆ రిపోర్టు చూసి ఈసారి అయోమయంలో పడటం డాక్టరు వంతయింది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూశారు.

"ఇది మీదేనా?" అన్నారు. మగ హార్మోను చూస్తే ఆకాశంలో ఉందట. తయారీ జరగాలంటే మెదడు పంపాల్సిన కబురు చూస్తే పాతాళంలో ఉందట. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో ఆయనకి అంతుపట్టలేదు. "మందులేమైనా వాడుతున్నారా?"

భార్య అతని వంక తిరిగింది. మోటరన్న నీళ్ళు నమిలాడు. లేదండీ అన్నాడు. అది అబద్ధమని కూడా అప్పుడు అతనికి తోచలేదు. మందంటే రోగానికి వేసుకునేది. తనది బలానికి. డాక్టరు రెండు శాంపిళ్ళు తారుమారై ఉంటాయని, మళ్ళీ రక్తం తీయించమని, ఆపరేషను మాత్రం అనుకున్న రోజునే అని చెప్పి పంపేశారు.

మర్నాడు జిమ్‌కి వెళ్ళే రోజు. బావమరిది దూది తడుపుతుంటే మోటరన్న, ఇది రక్తంలో తెలుస్తుందా అని ఊరికే అడిగినట్టు అడిగాడు. తెలుస్తుందనుకో, అయినా నీకేంటి బావా, దీంతో పేచీ పిల్లలు కావాలనుకునేవాళ్ళకేగా అన్నాడు వాడు. ఏం పేచీ అని మోటరన్న అడిగాడు.

"లోపల తయారీ ఆగిపోతుంది బావా. మా చిన్నది పుట్టకముందు నేనూ మానేశాను. మళ్ళీ మొదలవ్వడానికి ఏడాది పట్టింది. మీరెలాగూ వద్దనుకున్నారు కాబట్టి ధైర్యంగా ఇస్తున్నా. లేకపోతే నిన్ను ముట్టుకోనిస్తానా?"

 అప్పటిదాకా ఎవరు చెప్పినా ఎక్కనిది మోటరన్నకి ఒక్కసారిగా ఎక్కింది. మేడమీది ట్యాంకులో ఎవరో బయటినుంచి బిందెలతో నీళ్ళు పోస్తే ఫ్లోటు పైకి తేలుతుంది, ఫ్లోటు తేలగానే కింద మోటరు ఆగిపోతుంది. ట్యాంకు నిండే ఉందిగా అని అది నిద్రపోతుంది. ఇన్నాళ్ళూ తను పెట్టుకున్నది మోటరు కాదు, ఉన్న మోటర్ని ఆపేసే స్విచ్చు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఇవాళ్టికి వద్దులేరా అని చొక్కా కిందికి లాక్కుని బయటికొచ్చేశాడు.

దారంతా అతనికి ఒకటే ఆలోచన. నోరు మూసుకుంటే సరి. ఇంకో రెండు రోజుల్లో ఆపరేషను. తెరుస్తారు, వెతుకుతారు, దొరకవు. మన ఖర్మ ఇంతే అనుకుంటారు. కోత తనకే కదా పడేది, చేసిన తప్పుకి ఆ శిక్షతో చెల్లు. భార్యకి ఎప్పటికీ తెలియదు. చెబితేనో? అండాలు తగ్గిపోతున్న మనిషి కాలాన్ని ఒక పిచ్చి సూదితో పారబోశానని చెప్పాలి. ఆ సూది వేసింది నీ తమ్ముడేనని కూడా చెప్పాలి. ఏది ఎవరి మంచికో, ఏది తన పిరికితనమో విడదీసి చూసుకోలేకపోయాడు. ఇల్లు దాటి వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

భార్య వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. ఇంజెక్షన్ వేళయింది, ఎక్కడికి పోయావు అని విసుక్కుంటూ చీర కుచ్చిళ్ళు కొంచెం కిందికి జరిపింది. పొట్ట మీద ఎక్కడ చూసినా నీలం, పసుపు మచ్చలు. కొత్తగా గుచ్చడానికి చోటు కోసం వేలితో తడుముకుని, ఇదిగో ఇక్కడ అని చూపించింది. మోటరన్నకి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఆమె ఒక్కసారి కూడా నొప్పి అనలేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. సూది చేతిలో పట్టుకునే మొత్తం చెప్పేశాడు. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

 "వాడికి తెలీదా, ఇలా అవుతుందని?" అంది ఆమె.

"తెలుసు. మనం వద్దనుకున్నామని వాడి నమ్మకం."

ఆమె కళ్ళు మూసుకుంది. మామూలుగా నువ్వు అనే మనిషికి కోపమొస్తే మీరు వస్తుంది. ఆ మీరు వచ్చినప్పుడు ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చెయ్యవు.

"మీకు తక్కువున్నాయని డాక్టరు చెప్పిన రోజు నేనేమైనా అన్నానా? ఒక్కమాట అన్నానా? మరి నా దగ్గరెందుకు దాచారు?"

 ఎందుకు దాచాడో అతనికీ తెలియదు. భార్యకి తెలిసిన లోపానికే భార్యకి తెలియకుండా మందు వెతికి, ఊళ్ళోవాళ్ళ కోసం చెప్పిన అబద్ధాన్ని ఇంట్లో కూడా నమ్మి, తను ఎవర్నుంచి ఎవర్ని కాపాడుతున్నాడో లెక్క తేలలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని, ముందు ఆ సూది వెయ్యండి, వేళ దాటిపోతోంది అంది.  ఆమె తన చెయ్యి అతని చెయ్యి మీద వేసి నిలబెట్టి వేయించుకుంది. 

పొద్దున్నే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని మోటరన్నకి అనిపించింది. ఆయన ముందు తన తప్పే చెప్పుకున్నారు. మందులు వాడుతున్నారా అని అడిగాను గానీ, జిమ్‌లో ఇంజెక్షన్లు అని విడమరిచి అడగలేదు అన్నారు. ఆపరేషను రద్దు. ఇప్పుడు తెరిచి వెతకడమంటే ఆరిన పొయ్యి మీద అన్నం ఉడికిందా అని చూడటమే. బయటి హార్మోను ఒంట్లోంచి పోవాలి, మెదడు మళ్ళీ కబురు పంపాలి, తయారీ మొదలవ్వాలి. నెలలు పడుతుంది, ఏడాది కూడా పట్టొచ్చు. మునుపటంత అన్నా వస్తాయా అని మోటరన్న అడిగాడు. చాలామందికి వస్తాయి, మీకు వస్తాయని మాట ఇవ్వలేను, అప్పటి శాంపిల్ చూసి కోత కావాలో వద్దో తేల్చుకుందాం అన్నారు డాక్టరు. ఇకనుంచి తనకి తెలియకుండా ఒక విటమిను బిళ్ళ కూడా మింగొద్దన్నారు.

"మరి నావి?" అంది భార్య.

తీసి గడ్డకట్టించి దాచొచ్చు అన్నారు డాక్టరు. తర్వాత ఎన్ని నిలుస్తాయో చెప్పలేమన్నారు. దాచండి అని ఆమె వెంటనే చెప్పింది. మోటరన్నని అడగలేదు.

ఇద్దరూ బల్ల మీద పడుకోవాల్సిన రోజున ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది. మోటరన్న బయట వరండాలో కూర్చున్నాడు. ఏ నొప్పీ లేకుండా, ఏ కోతా పడకుండా, దర్జాగా కుర్చీలో కూర్చోవడం అతనికి ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉంది. తర్వాత డాక్టరమ్మ వచ్చి, అనుకున్నవాటికంటే తక్కువే వచ్చాయి, ఉన్నవి బాగున్నాయి అని చెప్పింది. దానికి సంతోషించాలో ఏడవాలో అతనికి తెలియలేదు. అలాగేనండీ అన్నాడు.

భార్య మంచం మీద మత్తు వదిలీ వదలకుండా ఉంది. పెదాలు ఎండిపోయాయి. అతను చెంచాతో నీళ్ళు తాగిస్తుంటే ఆమె ఫోను మోగింది. తమ్ముడు.  మోటరన్న ఏం చెప్పాలో చప్పున కూడబలుక్కున్నాడు. పంటి నొప్పని చెప్పు, లేదా షాపులో ఉన్నానని చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను అని గుసగుసగా అన్నాడు. ఇన్నేళ్ళ అలవాటు, నోటికి తడుముకోకుండా వచ్చేసింది. ఆమె అతని వంక ఒకసారి చూసి ఫోను తీసింది.

తమ్ముడు బావ మీద ఫిర్యాదుకి చేశాడు. బావ మొన్న మధ్యలో లేచి వెళ్ళిపోయాడు, ఫోను చేస్తే ఎత్తట్లేదు, నామీద అలిగాడా, ఏమైంది అని అడుగుతున్నాడు. వాడి గొంతు గదంతా వినిపిస్తోంది.

"ఆసుపత్రిలో ఉన్నాంరా," అంది ఆమె. వాడు కంగారు పడేలోపే, మెల్లగా, ఒక్కో మాటా వేరుగా అంది. "మాకు పిల్లలు కావాలిరా. మొదట్నుంచీ కావాలి. నాకు చాలా కావాలి."

 మోటరన్న చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమె అతనితో కూడా అనలేదు. అంటే తను నొచ్చుకుంటాడని అనలేదు. అనలేదు కదా అని తను లేదనుకున్నాడు. భోజనాల దగ్గర ఆమె వద్దనుకున్నాం అన్నప్పుడు తన పరువు నిలబడిందని దణ్ణం పెట్టుకున్నాడే గానీ, ఆ మాట అనడానికి ఆమెకి ఎంత ఖర్చయిందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

 అక్కా, మరి నేను బావకి ఇన్నాళ్ళూ అని తమ్ముడు మొదలుపెట్టి, పూర్తిచెయ్యలేక ఆగిపోయాడు. వాడు ఏడుస్తున్నాడు.

"నీ తప్పేం లేదురా. నీకు అబద్ధం చెప్పింది మేము," అంది ఆమె. ఫోను మోటరన్న వైపు జరిపింది. "మిగతాది నువ్వు చెప్పు."

రెండు రోజుల తర్వాత ఆమె నోట నువ్వు వచ్చింది. మోటరన్న ఫోను రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఏడాది తర్వాత ఏమవుతుందో అతనికి తెలియదు. సూదో, కోతో, అసలేమీ లేకపోవడమో, ఏదీ తెలియదు. ఈ ఒక్కటీ మాత్రం తెలుసు.

"తక్కువున్నది నాకేరా," అన్నాడు. "అందుకే నీ దగ్గరికొచ్చాను."